తెగిన తంతువు ఎలా బతుకుతుంది: శిలీంధ్రం పెరిగే తీరు, గాయాన్ని తట్టుకునే తీరు

2021 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం బ్లాక్ ఫంగస్‌ను తప్పనిసరిగా నివేదించాల్సిన జబ్బుగా ప్రకటించింది. ఆ వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ యాంఫోటెరిసిన్ సూదిమందు కోసం ఊళ్లు తిరిగిన కుటుంబాలు ఎన్నో. వాళ్లలో కొందరిని పరీక్షల కాగితాలు మరింత అయోమయంలో పడేశాయి. ముక్కు లోపలి నుంచి తీసిన కండ ముక్కను సూక్ష్మదర్శిని కింద చూసినవారు శిలీంధ్రం ఉందన్నారు. అదే కండను పోషక పదార్థం మీద ఉంచి పెంచి చూసినవారు ఏమీ మొలవలేదన్నారు. ఒకే రోగి, ఒకే కండ ముక్క, రెండు జవాబులు.

ఇలా జరగడానికి కారణాలు ఒకటి కంటే ఎక్కువే. అప్పటికే మందు మొదలై ఉండవచ్చు, తీసిన భాగం చచ్చిన కండ కావచ్చు. కానీ ప్రయోగశాలల్లో పనిచేసేవారికి బాగా తెలిసిన కారణం ఇంకొకటి ఉంది. ఈ జాతి శిలీంధ్రం ఉందని అనుమానం ఉన్నప్పుడు కండను నూరకూడదు, కత్తితో సన్నగా తరగాలి అన్నది అక్కడి నియమం. నూరితే శిలీంధ్రం చచ్చిపోతుంది. దవడ ఎముకను తినేసేంత మొండిది, రోట్లో పడితే బతకదు.

ఇప్పుడు పుట్టగొడుగులు పెంచేవారి షెడ్డుకు వెళదాం. ఉడికించి శుద్ధి చేసిన జొన్నల మీద పెంచిన శిలీంధ్రమే వారికి విత్తనం, ‘స్పాన్’ అంటారు. సంచిలో జొన్నలన్నీ తెల్లటి దూదిలో చుట్టినట్టు గట్టిగా అతుక్కుని ఉంటాయి. పెంపకందారు ఆ సంచిని అరచేతుల మధ్య నలిపి, తట్టి, గింజ గింజ విడిపోయేలా విరగ్గొడతాడు. ఆ దూదిలోని దారాలు లెక్కలేనన్ని చోట్ల తెగిపోతాయి, గింజలు మళ్లీ బోడిగా కనిపిస్తాయి. ఒకటి రెండు రోజులు ఆగి చూడండి. ప్రతి గింజ చుట్టూ మళ్లీ తెల్లటి నూగు లేచి ఉంటుంది, మునుపటి కంటే చురుగ్గా.

ఒకచోట విరగ్గొడితే చావు, మరొకచోట విరగ్గొడితే ఊపు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో అర్థం కావాలంటే శిలీంధ్రం ఎలా పెరుగుతుందో ముందు చూడాలి.

తంతువు, జాలం, అడ్డుగోడ: మూడు మాటల అర్థం

శిలీంధ్రం మొక్క కాదు. దాని శరీరం వేరు, కాండం, ఆకు అని విడిపోయి ఉండదు. పుట్టగొడుగు అని మనం కోసి కూర వండుకునేది దాని కాయ లాంటిది మాత్రమే. అసలు శరీరమంతా సన్నటి గొట్టాలు. ఒక్కో గొట్టాన్ని శిలీంధ్ర తంతువు లేదా హైఫా అంటారు. దాని మందం సాధారణంగా 2 నుంచి 10 మైక్రోమీటర్లు. మన తలవెంట్రుక ఇంతకు ఎన్నో రెట్లు లావు. తంతువులు కొమ్మలు వేసి, ఒకదానితో ఒకటి అల్లుకుని ఏర్పడే వలను శిలీంధ్రజాలం అంటారు. జొన్నల మీద కనిపించిన దూది అదే.

గొట్టం గోడ గట్టిది. అందులో చిటిన్, గ్లూకాన్ అనే పదార్థాలు ప్రధానం. రొయ్య పెంకుకు గట్టిదనం ఇచ్చేదీ ఈ చిటినే. గొట్టం లోపల జీవద్రవ్యం, అందులో ఎన్నో కేంద్రకాలు. చాలా శిలీంధ్రాల్లో గొట్టానికి అక్కడక్కడ అడ్డుగోడలు ఉంటాయి, వెదురులో కణుపుల్లా. కానీ వెదురు కణుపుకూ దీనికీ ముఖ్యమైన తేడా ఒకటి ఉంది: ప్రతి అడ్డుగోడ మధ్యలో ఒక రంధ్రం ఉంటుంది. దానిగుండా జీవద్రవ్యం ఒక గది నుంచి ఇంకో గదికి పారుతూనే ఉంటుంది. కొన్ని జాతుల్లో కేంద్రకాలు సైతం నలిగి, సాగి దూరిపోతాయి. అందుకే శిలీంధ్రంలో ‘ఒక కణం’ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందని అడిగితే జవాబు చెప్పడం కష్టం. అది గదులున్న ఒకే పొడుగాటి ఇల్లు, తలుపులన్నీ తెరిచే ఉంటాయి.

బ్లాక్ ఫంగస్ జబ్బు తెచ్చే మ్యూకర్ కుటుంబానిది ఇంకో తీరు. రొట్టె మీద పట్టే బూజు రైజోపస్ కూడా ఈ కుటుంబమే. వీటి తంతువులు వెడల్పుగా, రిబ్బనులా ఉంటాయి. అడ్డుగోడలు చాలా అరుదు. ఇల్లంతా ఒకే హాలు.

పెరుగుదల అంతా కొనలోనే

మన చర్మం అంతటా పెరుగుతుంది. గడ్డి పరక మొదలు దగ్గర పెరుగుతుంది. తంతువు మాత్రం కొసన, గుండ్రటి కొన దగ్గర మాత్రమే పొడుగవుతుంది. వెనకాల ఉన్న గోడ ఒకసారి గట్టిపడ్డాక సాగదు.

కొనకు కావలసిన గోడ సరుకు వెనక నుంచి వస్తుంది. జీవద్రవ్యంలో తయారైన చిన్న చిన్న పొట్లాలు కొన వైపు కదిలి వెళ్లి, అక్కడి పొరలో కలిసి, తమలోని ఎంజైములను, గోడ పదార్థాన్ని బయటపెడతాయి. న్యూరోస్పోరా అనే నారింజ రంగు బూజులో ఒక్క కొన దగ్గర నిమిషానికి సుమారు 38,000 పొట్లాలు కలుస్తాయని 1970లలో లెక్కగట్టారు. అంటే సెకనుకు 600 పైచిలుకు. ఈ బూజు గంటకు 3, 4 మిల్లీమీటర్లు పాకగలదు. గంటసేపు కళ్లార్పకుండా చూస్తే మామూలు కంటికే తెలిసే దూరం అది.

ఈ పొట్లాలన్నీ కొనకు చేరే ముందు ఒకచోట గుమిగూడతాయి. సూక్ష్మదర్శినిలో అది కొన వెనక ఒక నల్లటి చుక్కలా కనిపిస్తుంది. 1924లో బ్రున్స్‌విక్ దీన్ని మొదట వర్ణించాడు. దాని పేరు స్పిట్జెన్‌కోర్పర్, జర్మన్ భాషలో ‘కొన దేహం’ అని అర్థం. 1957లో గిర్బార్ట్ బతికి ఉన్న తంతువుల్లో దీన్ని గమనిస్తూ రెండు సంగతులు పట్టుకున్నాడు. పెరుగుదల ఆగితే ఈ చుక్క మాయమవుతుంది. తంతువు మలుపు తిరిగితే ఇది ఆ వైపుకు జరుగుతుంది. పడవకు చుక్కాని ఉన్నట్టు.

ఒక్క కొన ఎంత వేగంగా పాకినా దాని వేగానికి హద్దు ఉంది. మరి జాలం అంత త్వరగా ఎలా కమ్ముకుంటుంది? కొమ్మల వల్ల. చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక కొన గంటకు 100 మైక్రోమీటర్లు పాకుతుందనీ, ప్రతి గంట చివర ప్రతి కొన ఒక కొత్త కొమ్మను పుట్టిస్తుందనీ అనుకోండి. మొదటి గంటలో ఒక కొన, 100 మైక్రోమీటర్లు. రెండో గంటలో రెండు కొనలు, 200. మూడో గంటలో నాలుగు, 400. పదో గంటలో 512 కొనలు పాకుతాయి. పది గంటల మొత్తం కూడితే 1,02,300 మైక్రోమీటర్లు, అంటే 10 సెంటీమీటర్ల పైన. కానీ ఏ ఒక్క కొనా బయలుదేరిన చోటు నుంచి 1 మిల్లీమీటరు కంటే దూరం పోలేదు. ఆవగింజ అంత స్థలంలో జానెడుకు సగం దారం.

ఈ లెక్కలోనే గాయం సంగతి కూడా దాగి ఉంది. పది గంటల తర్వాత 1,024 కొనల్లో ఒకటి తెగితే జాలానికి పోయేది వెయ్యిలో ఒక వంతు. అదే పని మొదటి గంటలో జరిగితే ఉన్న ఒక్క కొనా పోతుంది. మొలకెత్తుతున్న సిద్ధబీజానికీ (శిలీంధ్రానికి విత్తనం లాంటి సూక్ష్మమైన గింజ) ముదిరిన జాలానికీ గాయం ఒకటి కాదు.

కొనను ముందుకు తోసేది ఏది

ఇక్కడ శాస్త్రవేత్తల్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. ఎక్కువమంది చెప్పేది లోపలి ఒత్తిడి గురించి. తంతువు లోపల ఉప్పులు, చక్కెరల గాఢత ఎక్కువ కాబట్టి బయటి నీరు లోపలికి చొరబడుతుంది, గొట్టం బిగుసుకుంటుంది. న్యూరోస్పోరాలో ఈ ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి నాలుగైదు రెట్లు. కారు టైరులో నింపే గాలి రెండు రెట్లకు కాస్త ఎక్కువ, అంతే. కొన దగ్గర గోడ ఇంకా మెత్తగా ఉంటుంది కనుక అది ఒత్తిడికి లొంగి ముందుకు ఉబ్బుతుంది అన్నది ఈ వాదం.

దీనికి 1993లో మనీ, హెరాల్డ్ అనే శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాలు అడ్డు తగిలాయి. బయటి ద్రావణాన్ని చిక్కబరుస్తూ పోయి, లోపలి ఒత్తిడి కొలతకు అందనంతగా తగ్గించినా కొనలు మెల్లగా పెరుగుతూనే ఉన్నాయి. అంటే గొట్టం లోపల ఉండే ప్రోటీన్ పోగుల చట్రమే నెడుతోందా? ఒక మాట మరవకూడదు: ఆ ప్రయోగాల్లో వాడినవి నీటి బూజులు. చూపుకు శిలీంధ్రాల్లాగే ఉన్నా వాటి వంశం వేరు, గోడలో ప్రధానంగా ఉండేది సెల్యులోజ్. అసలు శిలీంధ్రాల్లో ఒత్తిడి పాత్రను కొట్టిపారేయడానికి ఆ ఒక్క ఆధారం చాలదని నాకు అనిపిస్తుంది.

రెండో వివాదం గోడ గురించి. పాత గోడను ఎంజైములతో కాస్త కోసి, ఆ సందులో కొత్త సరుకు పెట్టి కొన పెరుగుతుందని 1970లలో బార్ట్నికీ-గార్సియా ప్రతిపాదించాడు. అలా కోయాల్సిన పనే లేదు, కొన దగ్గర గోడ పుట్టడమే మెత్తగా పుడుతుంది, వయసు పెరిగేకొద్దీ చిటిన్, గ్లూకాన్ పోగులు ఒకదానికొకటి ముడిపడి గట్టిపడుతుంది అన్నది నెదర్లాండ్స్ శాస్త్రవేత్త వెసెల్స్ వాదం. సిమెంటు పోసినప్పుడు మెత్తన, ఆరాక రాయి. పక్క గోడలు ఎందుకు సాగవో ఈ రెండో వాదం సులువుగా చెబుతుంది. కానీ కొమ్మ పుట్టేది అప్పటికే గట్టిపడ్డ గోడలోంచి. దాన్ని మెత్తబరచకుండా కొత్త కొన ఎలా వస్తుంది? అక్కడ మొదటి వాదం ప్రాణం పోసుకుంటుంది. తెగిన తంతువుకు కావలసింది కూడా కొత్త కొనే కాబట్టి ఈ వివాదం మన విషయానికి దగ్గరిదే.

తెగిన మొదటి క్షణాల్లో జరిగేది

టైరు కంటే బిగువుగా ఉన్న గొట్టాన్ని కోశారు. జీవద్రవ్యం బయటికి చిమ్ముతుంది. గదుల మధ్య తలుపులన్నీ తెరిచే ఉన్నాయి కనుక, ఆపేవారు లేకపోతే వెనకాల ఉన్న గదులన్నీ ఖాళీ కావాలి. కావు.

1864లో రష్యా శాస్త్రవేత్త మిఖాయిల్ వొరోనిన్ ఒక శిలీంధ్రాన్ని పరిశీలిస్తూ, తంతువుల్లో మెరిసే చిన్న నలుసులను చూశాడు. వాటికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. తంతువు తెగితే ఈ నలుసు ప్రవాహంతో పాటు కొట్టుకొచ్చి, అడ్డుగోడ రంధ్రంలో బిరడాలా ఇరుక్కుంటుందని తర్వాతివారు గమనించారు. రంధ్రం కంటే కాస్త పెద్దది కావడం వల్ల దాటిపోలేదు. సెకన్లలో తలుపు మూసుకుంటుంది. తెగిన గది చచ్చిపోతుంది, దాని వెనకటి గది బతుకుతుంది.

2000లో గ్రెగరీ జెడ్, నామ్-హై చువా న్యూరోస్పోరాలో ఈ నలుసు గుట్టు విప్పారు. దాని నడిమి భాగం హెక్స్-1 అనే ఒకే ప్రోటీన్ బారులు తీరి ఏర్పడిన స్ఫటికం. అంత గట్టిగా ఉండబట్టే వెనక నుంచి నాలుగైదు రెట్ల ఒత్తిడి తోస్తున్నా బిరడా జారదు. హెక్స్-1 జన్యువు తీసేసిన న్యూరోస్పోరా గాయమైతే జీవద్రవ్యాన్ని ఆపుకోలేక కార్చేసుకుంటుంది. మామూలు న్యూరోస్పోరాలో ఈ నలుసులను తంతువు పొరకు తాడుతో కట్టి ఉంచినట్టు పట్టి ఉంచే ఇంకో ప్రోటీన్ కూడా ఉంది. కొనకు కొట్టుకుపోకుండా గది గదికీ ఒక బిరడా సిద్ధంగా ఉండాలి కదా.

ఈ బిరడా శిలీంధ్రాలన్నిటికీ లేదు. ఒక పెద్ద వర్గానికే ఉంది. ఆస్పర్జిల్లస్ అనే బూజు, న్యూరోస్పోరా, వరిలో అగ్గి తెగులు శిలీంధ్రం ఆ వర్గానివి. పుట్టగొడుగుల వర్గంలో అడ్డుగోడ రంధ్రం అంచు పీపా మూతిలా ఉబ్బి ఉంటుంది, దాని రెండు వైపులా జల్లెడ లాంటి మూతలు ఉంటాయి. గాయమైతే అక్కడే అడ్డు పడుతుంది. జొన్నల సంచిని నలిపినప్పుడు ప్రతి ముక్కలోనూ మూసుకోగల గదులు ఎన్నో మిగులుతాయి. వాటి కింద ఆహారం ఎలాగూ ఉంది.

మరి హాలు లాంటి మ్యూకర్ కుటుంబం? అది పూర్తిగా నిస్సహాయమేమీ కాదు. జెడ్ బృందమే 2021లో చూపిన సంగతి ఇది: ఈ శిలీంధ్రాల్లో తెగిన చోట జీవద్రవ్యం పరుగున ప్రవహించే ఆ ఈడ్పుకే కొన్ని ప్రోటీన్ల మడతలు విడిపోయి, ఒకదానికొకటి అతుక్కుని, ద్రవ్యం అక్కడికక్కడే జున్నులా గడ్డకడుతుంది. అడ్డుగోడ లేకుండానే అడ్డు పడుతుంది.

అయితే నూరితే ఎందుకు చస్తుంది? ఒకటి రెండు కోతలకు గడ్డ కట్టడం సరిపోతుంది. రోకలి కింద అడుగడుగునా చితికితే, గడ్డకట్టాక వెనకాల బతికి ఉండే గది అంటూ ఏదీ మిగలదు. ఆస్పర్జిల్లస్ ఉన్న కండను నూరినా చాలాసార్లు మొలుస్తుంది. దాని ముక్కల్లో మూసుకున్న గదులు మిగులుతాయి.

గాయం మానడం కాదు, కొత్త కొన పుట్టడం

మన చర్మం తెగితే అంచులు కలిసి అతుక్కుంటాయి. తంతువులో ఎక్కువగా జరిగేది అది కాదు. తెగిన గోడ తెగినట్టే ఉంటుంది. బిరడా పడ్డ అడ్డుగోడ మీద కొత్త పొర, కొత్త గోడ సరుకు పేరుకుని గట్టిపడుతుంది. ఆ తర్వాత ఆ గది నుంచి కొత్త కొన బయలుదేరుతుంది. ఒక్కోసారి పక్క గోడలోంచి కొమ్మగా వస్తుంది. ఒక్కోసారి అడ్డుగోడ నుంచే మొలిచి, చచ్చిన గది లోపలే పాకుతూ పోతుంది. పాత గొట్టంలో కొత్త గొట్టం, పాము కుబుసంలోకి ఇంకో పాము దూరినట్టు కనిపిస్తుంది.

ఈ ‘లోపలి తంతువు’ ఆసుపత్రుల్లో వాడే మందుల విషయంలోనూ ఎదురవుతుంది. కాస్పోఫంగిన్ అనే మందు గోడకు కావలసిన గ్లూకాన్ తయారీని ఆపుతుంది. కాండిడా అనే ఈస్టును అది చంపేస్తుంది. ఆస్పర్జిల్లస్ మీద మాత్రం పెరుగుదలను తగ్గించగలదు, పూర్తిగా చంపలేదు. ఎందుకో 2017లో వచ్చిన సూక్ష్మదర్శిని పరిశీలనల్లో తేటగా కనిపించింది: మందు తగలగానే కొనలు పగిలిపోతాయి, వెనకటి గదులు మూసుకుంటాయి, కొంతసేపటికి చచ్చిన గదుల గుండా లోపలి తంతువులు పాకుతూ వస్తాయి. మందు కొనను చంపింది నిజమే. కానీ తంతువుకు కొన ఒక్కటే కాదు.

ఇంకో మార్గం కలయిక. ఒకే జాలంలోని రెండు తంతువులు ఒకదానివైపు ఒకటి పెరిగి, కొసలు ఆనించి, గోడలు కరిగించి ఒక్కటవుతాయి. న్యూరోస్పోరాలో ఎదురెదురు కొనలు వంతులు వేసుకుని మాట్లాడుకున్నట్టు, రెండు ప్రోటీన్లు కొన్ని నిమిషాలకోసారి కొన చివరికి వచ్చి వెళుతుంటాయని 2009లో చూపారు. ఒక కొనలో ఒకటి ఉన్నప్పుడు ఎదుటి కొనలో రెండోది ఉంటుంది. ఆ రెండింటిలో ఒకటి గాయమైనప్పుడు అడ్డుగోడ రంధ్రం దగ్గరికి చేరే ప్రోటీన్ కూడా. జాలంలో కలయికలు ఎక్కువైతే ఒకచోట తెగినా ఇంకో దారిలో సరుకు చేరుతుంది, ఒక వీధి తవ్వితే పక్క వీధి నుంచి బండి మళ్లినట్టు.

వరి మడిలో, దున్నిన చాలులో

సాంబ మసూరి వేసే రైతుకు అగ్గి తెగులు కొత్త కాదు. ఈ శిలీంధ్రం ఆకు మీద ఒక చిన్న బుడ్డిని తయారుచేసుకుని, అందులో బయటి గాలి ఒత్తిడికి దాదాపు 80 రెట్ల ఒత్తిడి పెంచి, ఆకు చర్మాన్ని గుచ్చి లోపలికి దూరుతుంది. బిరడా నలుసుకు కారణమైన జన్యువును దీనిలో తీసేసి చూశారు. 2004 నాటి ఆ పరిశోధనలో బుడ్డి సరిగా పనిచేయలేదు, ఆకుకు తెగులు సోకించే శక్తి తగ్గింది, నత్రజని దొరకనప్పుడు బతకడమూ కష్టమైంది. గాయానికి అడ్డు వేసే ఏర్పాటు దాడికి కూడా అవసరమని తేలడం నన్ను ఆశ్చర్యపరిచింది.

మేలు చేసే శిలీంధ్రాల సంగతికొస్తే, పంట వేర్లలో ఉండి భాస్వరం అందించే వేరు శిలీంధ్రాల తంతువులు నేలలో చాలా దూరం పరుచుకుంటాయి. నాగలి వాటిని తెంచుతుంది. దున్నడం వల్ల నష్టమనేవారు కెనడాలో మొక్కజొన్న మీద జరిగిన ప్రయోగాలను చూపుతారు: నేలను కదపని చోట లేత మొక్కలు భాస్వరం ఎక్కువ తీసుకున్నాయి. అంత భయం అక్కర్లేదనేవారు అవే ప్రయోగాల్లో ఇంకో సంగతి చూపుతారు: కోత నాటికి దిగుబడిలో ఆ తేడా ప్రతిసారీ నిలవలేదు. ఇద్దరికీ ఆధారం ఉంది, ఎందుకంటే ఈ శిలీంధ్రాలు అన్నీ ఒకేలా కోలుకోవు. 2005లో ఒక పరిశోధన రెండు వంశాలను పక్కపక్కన పెట్టి చూసింది. ఒక వంశం పక్క తంతువులతో కలయికలు పెంచుకుంటుంది. రెండోది తెగిన రెండు కొసల నుంచి మొలకలు పంపి, అవి కలిసేలా చేసి, తన తంతువును తానే అతికించుకుంటుంది. పొలంలో ఏ వంశం ఎక్కువ ఉందో, రెండు దుక్కుల మధ్య ఎంత వ్యవధి ఉందో తెలియకుండా ‘దున్నితే శిలీంధ్రం పోతుంది’ అన్నా, ‘ఏమీ కాదు’ అన్నా తొందరపాటే.

ఇక ట్రైకోడెర్మా. ఎండు తెగులు, వేరుకుళ్లు రాకుండా మన రైతులు 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో కలిపి వారం పది రోజులు నీడన మాగబెట్టే ఆకుపచ్చ పొడి ఇదే. ప్రయోగశాలలో గాజు పళ్లెం నిండా తెల్లగా పెరిగిన దీని మీద చిన్న కత్తితో గీతలు గీస్తే, తెగిన తంతువుల నుంచి చిమ్మిన పదార్థాలు పక్క తంతువులకు ఆపద కబురు చేరవేస్తాయి. కాల్షియం, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ, చురుకైన ఆక్సిజన్ రూపాలు ఆ కబురులో భాగమని మెక్సికోలోని పరిశోధకులు గుర్తించారు. మూసుకున్న గదుల నుంచి కొత్త కొనలు లేస్తాయి. వాటిలో కొన్ని ముందుకు పాకవు, నిటారుగా లేచి సిద్ధబీజాలు కాస్తాయి. ఒకటి రెండు రోజులకు తెల్లటి పళ్లెం మీద కత్తి నడిచిన ప్రతి గీతా ఆకుపచ్చగా తేలుతుంది, మిగతా పళ్లెం తెల్లగానే ఉంటుంది.